వీఎస్ కోడ్‌లో నోట్‌బుక్: పాండాస్ ఉన్నా లేదంటోంది, సగటు ఒక్కో లాప్‌టాప్‌లో ఒక్కోలా వస్తోంది

మిర్చి_లెక్కలు, గుంటూరు
అందరికీ నమస్తే. నేను మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ షాపులో లెక్కలు చూస్తుంటాను. ఇన్నాళ్లూ ఎక్సెల్‌తోనే నడిచింది. ఈమధ్య పైథాన్ నేర్చుకుని, ఆగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ నుంచి దించుకున్న ధరలూ మా షాపు రిజిస్టరూ కలిపి తేజ, 334, 341, బ్యాడిగి రకాలు ఏ నెలలో ఎలా కదిలాయో చూస్తున్నాను. మొదట బ్రౌజర్‌లో జూపిటర్ నోట్‌బుక్ (కోడ్‌ని సెల్స్ అనే ముక్కలుగా రాసి నడిపి, ఫలితం కిందే చూసుకునే పేజీ) వాడాను, తర్వాత ఫైళ్లు పెరిగిపోయి, డేటా ఫోల్డరూ కోడూ గిట్టూ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచేది) అన్నీ ఒక్కచోట కనబడితే బాగుంటుందని వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌కి మారాను.

రెండు సమస్యలు. ఒకటి, టేబుల్ లెక్కలు చేసే పాండాస్ ప్యాకేజీ కోసం టెర్మినల్‌లో పిప్ ఇన్‌స్టాల్ పాండాస్ కొడితే ముందే ఉంది అంటుంది, అదే నోట్‌బుక్‌లో ఇంపోర్ట్ చేస్తే అలాంటి మాడ్యూల్ లేదు అంటుంది. రెండోదే అసలు టెన్షన్. ఒకే ఫైలు, ఒకే డేటా, నా దగ్గర తేజ ఫిబ్రవరి సగటు ఒకటి వస్తే మా బావ లాప్‌టాప్‌లో ఇంకోటి వస్తోంది. షాపులో పెద్దాయనకి ఏ అంకె చూపించాలి? విండోస్ 11, ర్యామ్ 8 జీబీ. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పటమట_పైథాన్, విజయవాడ
మొదటి సమస్య దాదాపు ప్రతివాళ్లకీ వచ్చేదే తమ్ముడూ. నీ మెషీన్‌లో పైథాన్ ఒకటి కాదు, రెండో మూడో ఉండి ఉంటాయి. సైట్ నుంచి దించుకున్నది ఒకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్‌ది ఒకటి, ఎప్పుడో అనకొండ వేసి ఉంటే అది ఇంకొకటి. టెర్మినల్ వాటిలో ఒకదాన్ని పట్టుకుంటుంది, నోట్‌బుక్ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. పాండాస్ మొదటిదానిలో ఉంది, రెండోదానిలో లేదు. అంతే విషయం.

నిర్ధారించుకోవాలంటే ఒక సెల్‌లో సిస్ ఇంపోర్ట్ చేసి సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చెయ్యి. ఏ పైథాన్ నడుస్తోందో పూర్తి దారి కనబడుతుంది. టెర్మినల్‌లో కూడా పైథాన్ తెరిచి అదే ప్రింట్ చెయ్యి. రెండు దారులూ వేరుగా ఉంటే దొరికిపోయినట్టే. నోట్‌బుక్ పైన కుడివైపు మూలన కెర్నల్ (వెనక కోడ్‌ని నడిపే పైథాన్) పేరు ఉంటుంది చూడు, దాని మీద నొక్కితే జాబితా వస్తుంది, అందులోంచి మార్చుకోవచ్చు.

కానీ మార్చుకుని వదిలెయ్యకు. ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి దాని సొంత ఎన్విరాన్‌మెంట్ పెట్టుకో. వీఎస్ కోడ్‌లో ముందు ఫోల్డర్‌ని తెరువు, ఒక్క ఫైలుని కాదు, ఇది ముఖ్యం. తర్వాత కంట్రోల్ షిఫ్ట్ పి కొట్టి 'పైథాన్: క్రియేట్ ఎన్విరాన్‌మెంట్' ఎంచుకుంటే వెన్వ్, అంటే ఆ ప్రాజెక్ట్‌కి మాత్రమే చెందిన పైథాన్, తయారవుతుంది. అందులో పాండాస్‌తో పాటు ఐపైకెర్నల్ అనే ప్యాకేజీ ఉండాలి, అది లేకపోతే నోట్‌బుక్ ఆ పైథాన్‌తో మాట్లాడలేదు. లేకపోతే ఎడిటరే అడుగుతుంది, సరే అను.

ఇంకోటి. నోట్‌బుక్ సెల్‌లోంచి ప్యాకేజీ వేసేటప్పుడు ఆశ్చర్యార్థకం పెట్టి పిప్ కొట్టమని పాత వీడియోల్లో చెబుతారు. అలా కాకుండా శాతం గుర్తు పెట్టి %పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టు. ఆశ్చర్యార్థకం పెడితే విండోస్‌కి మొదట దొరికిన పిప్ నడుస్తుంది. శాతం పెడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఎక్కడుందో అక్కడికే వెళ్తుంది.

అరండల్‌పేట_అబ్బాయి
కొత్త ఎన్విరాన్‌మెంట్ జాబితాలో కనబడకపోతే కంట్రోల్ షిఫ్ట్ పి, 'రీలోడ్ విండో'. నాకు చాలాసార్లు దాంతోనే కనబడింది.

మిర్చి_లెక్కలు
అన్నా, దారులు వేరే వచ్చాయి, మీరు చెప్పినట్టే స్టోర్‌ది ఒకటీ సైట్‌ది ఒకటీ ఉన్నాయి. వెన్వ్ పెట్టాను. కానీ టెర్మినల్‌లో దాన్ని యాక్టివేట్ చేయబోతే స్క్రిప్టులు నడపడం ఈ సిస్టమ్‌లో నిషేధం అని ఎర్రటి అక్షరాలతో వస్తోంది.

పటమట_పైథాన్
అది పవర్‌షెల్ పాలసీ. సెట్ ఎగ్జిక్యూషన్ పాలసీ కమాండ్‌ని కరెంట్ యూజర్ స్కోప్‌తో, రిమోట్ సైన్డ్ అని ఇస్తే పోతుంది, అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. అది కూడా వద్దనుకుంటే టెర్మినల్‌ని పవర్‌షెల్ నుంచి కమాండ్ ప్రాంప్ట్‌కి మార్చుకో. నోట్‌బుక్‌కి మాత్రం యాక్టివేట్‌తో పనేలేదు, కెర్నల్ ఎంచుకుంటే చాలు.

ల్యాబ్_మేడం, గుంటూరు
రెండో ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు దాని గురించే చెప్పాలని ఉంది, ఎందుకంటే మా ఇంజినీరింగ్ పిల్లల రికార్డుల్లో ప్రతి సెమిస్టర్ ఇదే చూస్తున్నాను.

బాబూ, నోట్‌బుక్‌లో నీకు కనబడే పేజీ వేరు, కెర్నల్ మెమరీలో ఉన్నది వేరు. పేజీ మీద సెల్స్ పైనుంచి కిందకి వరుసగా ఉంటాయి కానీ నువ్వు వాటిని ఆ వరుసలోనే నడిపావని ఎక్కడా హామీ లేదు. ప్రతి సెల్ పక్కన బ్రాకెట్లలో ఒక అంకె ఉంటుంది చూశావా, అది ఆ సెల్ ఎన్నోదిగా నడిచిందో చెబుతుంది. పైనుంచి 1, 2, 3 అని కాకుండా 14, 3, 27 అని ఉంటే ఆ పేజీని నమ్మడానికి లేదు.

నీ డేటాతోనే చెబుతాను. క్వింటాల్ ధరని కిలో ధరగా మార్చడానికి ధర కాలమ్‌ని 100తో భాగించి మళ్లీ అదే కాలమ్‌లో పెట్టావనుకో. ఆ సెల్ మీద షిఫ్ట్ ఎంటర్ రెండుసార్లు పడితే రెండుసార్లు భాగిస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. కాటా మీద పాత బస్తా దించకుండా కొత్త బస్తా ఎక్కించినట్టు ఉంటుంది, అంకె మాత్రం చక్కగా చూపిస్తుంది. ఇంకా ప్రమాదకరమైనది డిలీట్ చేసిన సెల్. సెల్ పేజీలోంచి పోతుంది కానీ అది చేసిన పని మెమరీలో అలాగే ఉంటుంది. అదే ఫైలు ఇంకొకరు తెరిస్తే వాళ్ల కెర్నల్‌కి ఆ సెల్ సంగతే తెలియదు. మీ ఇద్దరికీ అంకెలు వేరుగా రావడానికి ఇదే కారణమని నా అనుమానం.

పైన టూల్‌బార్‌లో 'రీస్టార్ట్' ఉంటుంది, పక్కనే 'రన్ ఆల్' ఉంటుంది. రెండూ వరుసగా నొక్కి ఏం వస్తుందో చెప్పు. ఎవరికైనా చూపించే అంకె ఏదైనా సరే, కెర్నల్ రీస్టార్ట్ చేసి మొత్తం నడిపాక వచ్చిందే అంకె. మిగతావన్నీ చిత్తు లెక్కలు. 2019లో గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లోని పైథాన్ నోట్‌బుక్‌లని పెద్ద ఎత్తున నడిపి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. ఎర్రర్ లేకుండా చివరిదాకా నడిచినవి దాదాపు 24 శాతం. లోపల ఉన్న ఫలితమే మళ్లీ వచ్చినవి దాదాపు 4 శాతం. వీటిలో ప్యాకేజీలు లేక, డేటా ఫైలు లేక ఆగిపోయినవీ ఉన్నాయి, అన్నీ ఈ వరుస గొడవే కాదు. అయినా ఆ 4 శాతం చూస్తే నాకు చాలా బాధ అనిపించింది.

మిర్చి_లెక్కలు
మేడం, చేశాను. మధ్యలో ఆగిపోయింది. 'మంచి_సరుకు' అనే పేరు నిర్వచించలేదు అంటోంది. వెనక్కి వెళ్లి చూస్తే తాలు కాయ (రంగు పోయిన నాసిరకం కాయ) వరసల్ని తీసేసే సెల్ ఒకటి ఉండాలి, అది ఇప్పుడు ఫైల్లో లేదు. నా కెర్నల్‌లో ఆ టేబుల్ ఇంకా ఉండటంతో నాకు నడిచింది. మా బావ కింద సెల్‌లో ఆ పేరు తీసి పూర్తి టేబుల్ పెట్టుకుని నడిపాడంట, ఆయనకి తాలుతో కలిపిన సగటు వచ్చింది. తాలు ధర ఎక్కడ, తేజ మంచి సరుకు ధర ఎక్కడ! తేడా రాక ఏమవుతుంది. ఆ సెల్ మళ్లీ రాసి ఇద్దరం రీస్టార్ట్ చేసి నడిపాం, పైసలతో సహా సరిపోయింది.

వన్‌టౌన్_వలి, విజయవాడ
సంతోషం భాయ్. కానీ నేను ఒక మాట అడుగుతాను, బ్రౌజర్‌లో జూపిటర్‌ల్యాబ్ ఉండగా వీఎస్ కోడ్ ఎందుకు? నేను రెండూ వాడాను. బ్రౌజర్‌లో ట్యాబ్ మూసేసినా కెర్నల్ బతికే ఉంటుంది, మళ్లీ తెరిస్తే వేరియబుల్స్ అన్నీ అక్కడే ఉంటాయి. వీఎస్ కోడ్‌లో విండో మూస్తే కెర్నల్ పోతుంది. పెద్ద ఫైలు లోడ్ అవడానికే బోలెడంత టైమ్ పట్టే నాలాంటి పాత లాప్‌టాప్ వాళ్లకి అది పెద్ద తేడా. పైగా ఎడిటర్ కూడా ర్యామ్ తింటుంది, మీకు ఉన్నది 8 జీబీ.

పటమట_పైథాన్
వలి గారు చెప్పింది నిజం, విండో మూస్తే లోకల్ కెర్నల్ ఆగిపోతుంది. దానికి దారి ఉంది. టెర్మినల్‌లో జూపిటర్ సర్వర్‌ని విడిగా నడిపి, దాని యూఆర్‌ఎల్ టోకెన్‌తో సహా కాపీ చేసి, కెర్నల్ జాబితాలో 'ఎగ్జిస్టింగ్ జూపిటర్ సర్వర్' ఎంచుకుని అక్కడ ఇవ్వండి. అప్పుడు కెర్నల్ ఎడిటర్‌ది కాదు, సర్వర్‌ది. ఎడిటర్ మూసి తెరిచి మళ్లీ అదే కెర్నల్‌కి కలవొచ్చు. ఆఫీసులో మా డేటా అంతా ఒక లైనక్స్ మెషీన్‌లో ఉంటుంది, నేను ఇక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో దాన్ని వీఎస్ కోడ్‌లో తెరుస్తాను, అప్పుడు పాండాస్ తినే ర్యామ్ అంతా అక్కడిదే.

ఎందుకు ఎడిటర్ అంటే, నాకు మూడు నాలుగు కారణాలున్నాయి కానీ ఒక్కటి చెబుతాను. నోట్‌బుక్‌లో ఒక ఫంక్షన్ బాగా కుదిరాక దాన్ని పక్కనే ఒక .పీవై ఫైల్‌లోకి తీసేస్తాను. ఎడిటర్‌లో ఎడమవైపు ఆ ఫైలు, కుడివైపు నోట్‌బుక్. పేరు మీద ఎఫ్12 కొడితే నిర్వచనానికి వెళ్తుంది, ఎఫ్2 కొడితే పేరు మారుతుంది. సెల్‌ని డీబగ్ చేస్తూ బ్రేక్‌పాయింట్ పెడితే ఆ లైను దగ్గర ఆగుతుంది. ఇవన్నీ కొత్త కాలమ్ వచ్చినప్పుడల్లా పనికొస్తాయి.

ల్యాబ్_మేడం
ఒక విషయం గుర్తుంచుకుంటే ఈ బ్రౌజర్, ఎడిటర్ వాదన చాలావరకు తగ్గుతుంది. ఫెర్నాండో పెరెజ్ 2001లో ఐపైథాన్ మొదలుపెట్టినప్పుడు అది టెర్మినల్‌లో నడిచే షెల్ మాత్రమే. తర్వాత కోడ్‌ని నడిపే భాగాన్ని, అంటే కెర్నల్‌ని, వేరే ప్రాసెస్‌గా విడదీశారు. 2014లో జూపిటర్ అనే ప్రాజెక్టుగా వేరయ్యేసరికి ఆ కెర్నల్ పైథాన్‌కే కాక జూలియా, ఆర్ లాంటి వేరే భాషలకి కూడా ఉండొచ్చు అన్న పద్ధతి స్థిరపడింది. బ్రౌజర్ అయినా వీఎస్ కోడ్ అయినా కెర్నల్‌కి సందేశాలు పంపి జవాబు చూపించేవే. లెక్క చేసేది రెండింటిలోనూ కెర్నలే. అందుకే ఎక్కడ వాడినా వరుస జాగ్రత్త తప్పదు. వలి గారికి బ్రౌజర్ అలవాటైతే మారాల్సిన అవసరం ఏమీ లేదు.

కృష్ణలంక_శ్రీ, విజయవాడ
నేను అసలు నోట్‌బుక్ ఫైలే వాడను, అయినా సెల్స్ వాడతాను. మామూలు .పీవై ఫైల్‌లో ఒక లైన్‌లో # %% అని పెడితే చాలు, వీఎస్ కోడ్ దాని పైన 'రన్ సెల్' అని చూపిస్తుంది. నొక్కితే పక్కన ఇంటరాక్టివ్ విండో తెరుచుకుని గ్రాఫులు, టేబుల్స్ అన్నీ అందులో వస్తాయి. ఫైలు మాత్రం మామూలు టెక్స్ట్. గిట్‌లో ఏ లైను మారిందో చక్కగా కనబడుతుంది, రాత్రి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి అదే ఫైల్‌ని నడపొచ్చు.

నేను చూసేది ప్రకాశం బ్యారేజీ ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ని ముంచేసిన రోజుల్లోనే బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటించారు, అంతకుముందు 2009 వరదల్లో పెద్ద అంకె 11.10 లక్షలు. మా కృష్ణలంక వాళ్లకి ఈ అంకెలు పేపర్లో చదివేవి కావు, ఇంట్లో సామాను ఎత్తాలా వద్దా అనేది చెప్పేవి. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షలు, రెండోది 5.69 లక్షలు. ఈ రెండూ గ్రాఫులో అడ్డగీతలుగా పెట్టుకుని కొత్త అంకె వచ్చినప్పుడల్లా గీయిస్తాను. ఇలాంటి దానికి చేత్తో ఒక్కో సెల్ నొక్కుకుంటూ వెళ్లే పద్ధతి నాకు నచ్చదు. ప్రతిసారీ పైనుంచి కింద దాకా ఒకేలా నడవాలి, లేకపోతే మా వీధిలో నన్ను నమ్మి నిద్రపోయేవాళ్లకి నేనేం చెప్పాలి?

బ్రాడీపేట_4/14, గుంటూరు
అక్కా, అలాగైతే గ్రాఫులు ఫైల్‌లో మిగలవు కదా? నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, మా సార్ కోడూ ఔట్‌పుట్టూ కలిపి చూపించమంటారు.

కృష్ణలంక_శ్రీ
మిగలవమ్మా, ఇంటరాక్టివ్ విండోలోంచి నోట్‌బుక్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు కానీ రోజూ చూపించాలంటే నీకు మామూలు నోట్‌బుక్కే మేలు. నా పని వేరు.

బ్రాడీపేట_4/14
సరే అక్కా. నాకు ఇంకో రెండు ఉన్నాయి, మిర్చి అన్నకి కూడా పనికొస్తాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో గ్రాఫుకి తెలుగు పేర్లు పెడితే డబ్బాలు వస్తున్నాయి. ఫాంట్ మార్చి నిర్మల యూఐ పెట్టాను, డబ్బాలు పోయాయి కానీ వత్తులు ఎక్కడివక్కడ ఊడి పక్కన పడుతున్నాయి. గుంటూరు బాగానే వస్తుంది, సత్తెనపల్లి వచ్చేసరికి పాడైపోతుంది. రెండోది, రకాల వారీగా గ్రూప్ చేస్తే ఒకే పేరు రెండు వరసలుగా వస్తుంది. కళ్లకి రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

పటమట_పైథాన్
మొదటిది ఫాంట్ ఒక్కదాని గొడవ కాదు తల్లీ. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావూ ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు, అందుకే డబ్బాలు. తెలుగు ఫాంట్ ఇచ్చినా, హల్లుకి వత్తు కట్టి ఒక అక్షరంగా కూర్చే షేపింగ్ అనే పని నీ దగ్గరున్న వెర్షన్ చెయ్యట్లేదు, అక్షరాల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది. తెలుగు పేర్లు కావాలంటే ప్లాట్లీ వాడు. అది గీసే బొమ్మలో అక్షరాలు కూర్చేది బ్రౌజర్ ఇంజన్, వీఎస్ కోడ్ లోపల ఉన్నది కూడా అదే, కాబట్టి వత్తులు సరిగ్గా వస్తాయి. ఎన్‌బీఫార్మాట్ అనే ప్యాకేజీ లేదని ఎర్రర్ వస్తే దాన్ని కూడా %పిప్‌తో వేసుకో.

రెండోది చాలా మంచి ప్రశ్న, తెలుగు డేటా ముట్టుకున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది. మనం 'బెస్ట్‌లో' అని టైప్ చేసేటప్పుడు ట కింద ల వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో కనబడని అక్షరం ఒకటి పడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరి కీబోర్డులో అది పదం చివర కూడా మిగిలిపోతుంది. కంటికి తేడా లేదు, పైథాన్‌కి మాత్రం రెండూ వేర్వేరు మాటలు. అనుమానం ఉంటే ఆ రెండు పేర్లకీ లెన్ ఫంక్షన్ పెట్టి చూడు, ఒకటి ఎక్కువ చూపిస్తుంది. చదివిన వెంటనే పేర్ల కాలమ్‌లోంచి ఆ అక్షరాన్ని రీప్లేస్‌తో తీసెయ్, చివర ఖాళీల కోసం స్ట్రిప్ పెట్టు, ఆ తర్వాతే గ్రూప్ చెయ్యి. ఇది మొదటి సెల్‌లోనే ఉండాలి.

బ్రాడీపేట_4/14
లెన్ పెడితే ఒకటి 5, ఒకటి 6!! దీనికోసం డేటా మొత్తం మళ్లీ టైప్ చేయాలేమో అని భయపడ్డాను. చాలా థాంక్స్ అండి.

అరండల్‌పేట_అబ్బాయి
సీఎస్‌వీ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి, లేకపోతే ఎక్సెల్‌లో తెలుగు అంతా పిచ్చి గీతలుగా వస్తుంది.

మిర్చి_లెక్కలు
ఇది నాకు రోజూ కావలసింది తమ్ముడూ. ఇంకో సందేహం. నోట్‌బుక్‌లని 'పని' అనే ఫోల్డర్‌లో, సీఎస్‌వీలని 'డేటా' అనే ఫోల్డర్‌లో పెట్టాను. .పీవై ఫైల్‌లో 'డేటా' అని దారి ఇస్తే టెర్మినల్‌లో నడుస్తుంది, అదే లైను నోట్‌బుక్‌లో పెడితే ఫైలు లేదంటుంది.

వన్‌టౌన్_వలి
నోట్‌బుక్ తను ఉన్న ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, టెర్మినల్ మీరు తెరిచిన ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచి వెతుకుతుంది. సెట్టింగ్స్‌లో 'నోట్‌బుక్ ఫైల్ రూట్' అని వెతికి వర్క్‌స్పేస్ ఫోల్డర్‌కి మార్చుకోండి, రెండూ ఒకటవుతాయి. మార్చాక కెర్నల్ రీస్టార్ట్ చెయ్యాలి.

పటమట_పైథాన్
ఆ సెట్టింగ్ మీ బావ మెషీన్‌లోకి దానంతట అది వెళ్లదు, అదొక్కటి చూసుకో. ప్రాజెక్ట్ లోపలి .వీఎస్‌కోడ్ ఫోల్డర్‌లో పెట్టి గిట్‌లోకి పంపితే ఇద్దరికీ ఒకటే ఉంటుంది.

గిట్ మాట వచ్చింది కాబట్టి, నోట్‌బుక్ ఫైలు లోపల అంతా జేసన్ అనే టెక్స్ట్ రూపం. కోడూ, ఔట్‌పుట్టూ, సెల్ ఎన్నోదిగా నడిచిందో ఆ అంకే, బొమ్మలైతే అక్షరాల రూపంలోకి మార్చినవి, అన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ నడిపినా గిట్‌కి ఫైలు మారినట్టే. కమిట్ (మార్పుల్ని గిట్‌లో నమోదు చెయ్యడం) ముందు 'క్లియర్ ఆల్ ఔట్‌పుట్స్' నొక్కడం ఒక పద్ధతి, మర్చిపోతామనుకుంటే ఎన్‌బీస్ట్రిప్ఔట్ అని ఒక పనిముట్టు ఉంది, గిట్‌కి ఒకసారి తగిలిస్తే కమిట్ అయ్యేటప్పుడు ఔట్‌పుట్స్ దానంతట అదే తీసేస్తుంది. వీఎస్ కోడ్ తేడాలు చూపించేటప్పుడు సెల్ పక్కన సెల్ పెట్టి చూపిస్తుంది, అందులో ఔట్‌పుట్ తేడాలని పట్టించుకోవద్దని కూడా పెట్టుకోవచ్చు. మీ షాపు రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న టేబుల్ ఒక సెల్ కింద ప్రింట్ అయి ఉండి అది గిట్‌హబ్‌కి వెళ్లిందంటే తర్వాత తీసినా పాత చరిత్రలో ఉంటుంది. దీని గురించి మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను, అది మన డేటా కాదు, వాళ్లది.

ల్యాబ్_మేడం
పటమట గారు చెప్పిన ఆఖరి మాట మా పిల్లలకి చూపిస్తాను.

ఇంకోటి నా వైపు నుంచి. కోడ్‌ని .పీవైలోకి తీయమని అందరూ చెబుతారు, తీశాక మొదటిరోజే ఒక చిక్కు వస్తుంది. ఆ ఫైల్‌లో ఫంక్షన్ మార్చి, సేవ్ చేసి, నోట్‌బుక్‌లో మళ్లీ ఇంపోర్ట్ చేస్తే పాతదే నడుస్తుంది, ఎందుకంటే పైథాన్ ఒకసారి చదివిన మాడ్యూల్‌ని మళ్లీ చదవదు. పిల్లలు ఇక్కడ విసిగిపోయి మళ్లీ అంతా నోట్‌బుక్‌లోకే కాపీ చేసేస్తారు. మొదటి సెల్‌లో %లోడ్_ఎక్స్‌ట్ ఆటోరీలోడ్, దాని కింద %ఆటోరీలోడ్ 2 పెట్టుకుంటే సెల్ నడిపే ముందు మారిన ఫైళ్లని అదే చదువుకుంటుంది.

శ్రీ గారి పద్ధతి ఆవిడ పనికి సరైనదే. కానీ నోట్‌బుక్ వద్దని మాత్రం నేను ఒప్పుకోను. మార్క్‌డౌన్ సెల్‌లో తెలుగులో రెండు వాక్యాలు రాసి, కింద కోడ్ పెట్టి, దాని కింద గ్రాఫు చూపిస్తే, మా దగ్గర తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఒక్కసారిగా అర్థమవుతుంది. మే నెలలో చాలా రోజులకి అంకెలు ఎందుకు లేవు, యార్డుకి వేసవి సెలవులు కాబట్టి లేవు, వాటిని సెలవులకి ముందు ఆఖరి ధరతో నింపకూడదు అని ఆ సెల్ పైనే రాసి ఉంటే తర్వాత చూసేవాళ్లు తప్పుదారి పట్టరు. కోడ్‌లో చిన్న కామెంట్‌కి ఆ బలం లేదు.

మిర్చి_లెక్కలు
మేడం, మే నెల సంగతి నిజంగా రాసి పెడతాను, పెద్దాయన మొదట అడిగేది అదే.

ఇప్పుడు ఆగ్‌మార్క్‌నెట్ పాత సంవత్సరాలన్నీ కలిపి లోడ్ చేస్తుంటే సగంలో కెర్నల్ క్రాష్ అయింది అని వస్తోంది. కారణం చూపించదు.

కృష్ణలంక_శ్రీ
టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని మళ్లీ నడిపి చూడండి, మెమరీ నిండితే అదే కారణం. రాష్ట్రాలన్నీ చదవకండి, రీడ్ సీఎస్‌వీలో యూజ్‌కోల్స్ ఇచ్చి కావలసిన కాలమ్స్ మాత్రమే తీసుకోండి. రకం, మార్కెట్ లాంటివి లక్షల వరసల్లో అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి, వాటికి కేటగిరీ అని డీటైప్ (కాలమ్‌లోని డేటా రకం) ఇవ్వండి, చాలా తగ్గుతుంది. ఒకసారి చదివాక పార్కెట్ అనే కుదించిన టేబుల్ ఫైల్‌గా దాచుకుంటే మళ్లీ తెరవడం కూడా తొందరగా అవుతుంది, దానికి పైఆరో ప్యాకేజీ కావాలి. వేరే నోట్‌బుక్‌లు తెరిచి ఉంటే వాటి కెర్నల్స్ కూడా ర్యామ్ పట్టుకుని ఉంటాయి, ఆపెయ్యండి.

మిర్చి_లెక్కలు
గుంటూరు ఒక్కటే, ఆరు కాలమ్స్ తీసుకుంటే లోడ్ అయిపోయింది. ఆఖరుగా ఒకటి. పెద్దాయన దగ్గర పైథాన్ లేదు, ఫోన్‌లో వాట్సాప్ ఉంది. ఎడిటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి పీడీఎఫ్ అంటే లేటెక్ ఏదో కావాలంటోంది. హెచ్‌టీఎంఎల్ చేస్తే టేబుల్స్ వచ్చాయి, ప్లాట్లీ గ్రాఫులు ఉన్నచోట ఖాళీ.

పటమట_పైథాన్
పీడీఎఫ్ దారి వదిలెయ్, లేటెక్ వేసినా తెలుగు ఫాంట్ కోసం మళ్లీ కుస్తీ పట్టాలి. హెచ్‌టీఎంఎల్‌నే బ్రౌజర్‌లో తెరిచి ప్రింట్ నుంచి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకో, తెలుగు చక్కగా వస్తుంది. గ్రాఫులు ఖాళీగా రావడానికి కారణం, వీఎస్ కోడ్‌లో ప్లాట్లీ బొమ్మని ఎడిటర్‌కి అర్థమయ్యే రూపంలో మాత్రమే దాస్తుంది, ఎక్స్‌పోర్ట్ దాన్ని గీయలేదు. మొదటి సెల్‌లో ప్లాట్లీ రెండరర్‌ని 'ప్లాట్లీ_మైమ్‌టైప్+నోట్‌బుక్' అని పెట్టి, రీస్టార్ట్ చేసి, మొత్తం నడిపి, అప్పుడు ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఫైలు కొన్ని ఎంబీలు పెరుగుతుంది, వాట్సాప్‌కి అది లెక్క కాదు. కోడ్ కనబడకూడదంటే నోట్‌బుక్‌ని వేరే రూపాల్లోకి మార్చే ఎన్‌బీకన్వర్ట్‌ని టెర్మినల్ నుంచి నో-ఇన్‌పుట్ అని ఇచ్చి నడుపు, మీ పెద్దాయనకి నువ్వు తెలుగులో రాసినదీ టేబుల్సూ గ్రాఫులూ మాత్రమే కనబడతాయి.

వన్‌టౌన్_వలి
పంపే ముందు మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి భాయ్. టేబుల్‌లో కాలమ్స్ ఎక్కువైతే పక్కకి జరుపుకుంటూ చదవాలి, పెద్దవాళ్లు అంత ఓపిక పట్టరు. రకం, నెల, సగటు, క్వింటాళ్లు, ఈ నాలుగూ పెడితే చాలు.